నీరు బతికే ఉన్నట్టు

ఆ ఏడు కూడా వరద నీరు ఆగస్టు రెండో సోమవారం ఉదయం పదిన్నరకు మండల కార్యాలయానికి వచ్చి, ఏడో నంబరు కిటికీ దగ్గర పింఛనుదార్ల వెనకాల వరుసలో నిలబడింది. చీలమండల దాకా ఉంది. ముందున్న మగవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు, ఆడవాళ్లు కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకున్నారు, అటెండరు కింది అరలోని ఫైళ్లను అలవాటు ప్రకారం పై అరలోకి సర్దాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏటా ఒకసారి స్వయంగా వచ్చి తాము బతికే ఉన్నట్టు రుజువు చేసుకోవాలని పింఛనుదార్లకు ఉన్న నిబంధనను ఆరేళ్ల కిందట ఋతువారీ జలాలకు కూడా వర్తింపజేశారు. ఏడాది పొడవునా ఒకేచోట పడి ఉండే నీటికి ఈ బాధ లేదు. వచ్చిపోయే నీటికే ఉంది, ఎందుకంటే వచ్చిపోయేవాళ్లను నమ్మే అలవాటు ఏ కార్యాలయానికీ లేదు.

ఈ నీరు బొమ్మిడాయిలంకది. కొల్లేటి నడుమ మెరక మీద ఉన్న ఎనభై నాలుగు గడపల ఊరు అది. ఎగువన వానలు పడితే ఏర్లు పొంగి, ఎర్రనీళ్లు వచ్చి లంక చుట్టూ మూడు వందల పన్నెండు ఎకరాల్లో నిలుస్తాయి, సంక్రాంతి దాటాక మెల్లగా వెళ్లిపోతాయి. వెనకటికి ఈ రావడం, పోవడం నీటి ఇష్టం. ఇప్పుడు ఎగువన లాకు ఉంది. రుజువు పత్రం ఉన్న నీటికే లాకు తలుపు ఎత్తుతారు.

కిటికీ లోపల జూనియర్ అసిస్టెంటు చల్లా భానుమూర్తి కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. పదకొండేళ్లుగా అదే కిటికీలో ఉన్నా ముసలివాళ్ల మీద ఇంతవరకు విసుక్కోలేదు. నీటి వంతు వచ్చింది. వేలిముద్ర యంత్రాన్ని ముందుకు జరిపాడు. నీరు దాని మీద వేలు పెట్టింది. యంత్రం ఎర్రగా వెలిగింది.

"తడి ఎక్కువైందండీ. కాస్త తుడుచుకుని మళ్లీ పెట్టండి," అన్నాడు భానుమూర్తి.

నీరు తుడుచుకోవడానికి ప్రయత్నించింది. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ ఎరుపే. మూడుసార్లు తప్పితే సాక్షిని పిలవాలని నియమం.

"సాక్షి ఉన్నారా?"

"ఉన్నాను బాబూ. ఎక్కడికెల్తాను?" అంది వెనకనుంచి వరహాలమ్మ.

వరహాలమ్మ ఇంటిపేరు బలే, వయసు అరవై ఏడేళ్లు. ఆ నీటికి ఆరేళ్లుగా ఆమే సాక్షి. ఆమె ఇంటి నడుమ నిట్రాడ మీద, అంటే కప్పును మోసే ఆ పెద్ద తాటి స్తంభం మీద, అరవై మూడు గాట్లు ఉన్నాయి. వరద వచ్చి, వరసగా మూడు రోజులు ఒకే మట్టాన నిలిచిందంటే ఇంటి పెద్ద ఆడమనిషి చేపలు కోసే కత్తితో ఆ మట్టం దగ్గర ఒక గాటు పెట్టి, గాట్లో పసుపు అద్దుతుంది. అది ఆ లంకలో మొదటినుంచీ ఉన్న ఆచారం. మొదటి పంతొమ్మిది గాట్లు ఆమె అత్త ఆదెమ్మ పెట్టింది, మిగతావి వరహాలమ్మ పెట్టింది. నిట్రాడను ఊడబెరికి కార్యాలయానికి తేలేరు కనుక, తాటినార తాడు మీద ఏ గాటుకు ఆ గాటు ఎత్తులో ముడి వేసి నకలుగా తెచ్చేది. భానుమూర్తి ప్రతి సంవత్సరం ఆ కొత్త ముడి మీద లక్క పోసి ముద్ర వేసేవాడు. దాంతో నీరు బతికి ఉన్నట్టు లెక్క.

ఆ గాట్లలో ఒకటి వరహాలమ్మ నెత్తికంటే మూరెడు పైన ఉంటుంది. అది ఆమె కాపురానికి వచ్చిన ఏడు. పెళ్లివారంతా దోనెల్లో వచ్చారు. అత్తవారి గడప నీళ్లలో ఉంది, అందుకని కొత్తకోడలు గడప బదులు చూరు తొక్కి, తాటాకు తప్పించుకుని, నేరుగా అటక మీదికి దిగింది. పొయ్యి అటక మీదే, కోళ్లు అటక మీదే, మేకలూ పక్కింటివాళ్లూ కూడా అటక మీదే. పక్కింటివాళ్లతో అప్పటికి మూడేళ్ల తగువు ఉంది. నాలుగో రోజుకి తీరిపోయింది, ఎందుకంటే అంత ఇరుకులో ఎడమొహం పెట్టుకోవడానికి చోటు లేదు. కింద నీరు రాత్రీ పగలూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. మంచం మీదనుంచి చెయ్యి కిందికి వదిలితే చేపపిల్లలు వచ్చి వేళ్లు కొరికేవి. ఆ నీటి మాట వింటూ నిద్రపోయినంత హాయిగా తరవాత తాను ఎప్పుడూ నిద్రపోలేదని వరహాలమ్మ చెబుతుంది. విన్నవాళ్లకు కూడా అలాంటి నిద్ర ఒకటి కావాలనిపిస్తుంది.

భానుమూర్తి తాడును చేతిలోకి తీసుకోలేదు.

"మామ్మగారూ, ఈ ఏటినుంచి తాడు చెల్లదండీ. కొత్త సర్క్యులర్ వచ్చింది. ఉపగ్రహం తీసిన పటంలో నీరు కనిపించాలి."

"ఎదురుగా నిలబడి ఉంది కదా బాబూ. నీ కాళ్లే తడిసిపోతన్నాయి."

"తడుస్తున్నాయండీ," అని భానుమూర్తి ఒప్పుకున్నాడు. "నా కాళ్లు పనికిరావు. పటం ఉండాలి."

పటంతో మరో చిక్కు కూడా ఉంది. కిందటి రెండేళ్ల పటాలు అప్పుడే ఫైల్లో చేరాయి. ఆ రెండింటిలోనూ బొమ్మిడాయిలంక నీరు లేదు. నీరంతా గుర్రపుడెక్క కింద నిలబడి ఉంటే పైనుంచి చూసిన పటం దాన్ని ఏపుగా ఎదిగిన పైరు అని రాసుకుంది. వరసగా మూడేళ్లు కనిపించని నీటి పేరును జాబితాలోంచి తీసేస్తారు. తీసేస్తే లాకు తలుపు ఎత్తరు. ఆ సంగతి తెలిపే నోటీసును భానుమూర్తి నీటి చేతికే ఇచ్చాడు. నీరు తీసుకోగానే సిరా కారిపోయి కాగితం తెల్లబడింది. ముట్టినట్టు ఆధారం లేదు కాబట్టి రెండో ప్రతిని ప్లాస్టిక్ అట్టలో అంటించి మళ్లీ ఇచ్చాడు. నీరు దాన్ని మోసుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయింది. వరహాలమ్మ తాడు చుట్టుకుని దాని వెనకే నడిచింది.

దారిలో ఆమెకు ఏడుపొచ్చింది. మొగుడు పోయినప్పుడు నీరు ఇంటి చుట్టూనే ఉంది. ఆ ఏడు గాటు పెట్టడానికి చెయ్యి ఆడకపోతే ఇంకో నాలుగు రోజులు అదే మట్టాన ఆగింది. నీళ్లు రాని ఊళ్లో నిట్రాడ ఉత్త తాటి మొద్దు, తాను ఉత్త ముసలిది. ఆమెకు ఉన్న భయం అదొక్కటే.

ఊరి పెద్ద ముంగర గంగరాజు సంగతంతా విని తేదీ కనుక్కుని వచ్చాడు. ఆ ఉపగ్రహం పన్నెండు రోజులకొకసారి తెల్లవారుజామున ఐదూ యాభై రెండుకు కొల్లేటి మీదుగా పోతుంది. మబ్బు పట్టినా, వాన కురుస్తున్నా దానికి అడ్డు కాదు. లెక్కలోకి తీసుకునేది సెప్టెంబరు ఆరో తేదీ పటం. ఊళ్లో అర్థం చేసుకున్నది ఒక్కటే. పైనుంచి ఎవరో వస్తున్నారు, మన నీటిని చూడటానికి వస్తున్నారు.

తొమ్మిది రోజులు ఊరు ఊరంతా గుర్రపుడెక్క పీకింది. ఆడా మగా నడుముల్లోతు నీళ్లలో దిగి, తీగలు లాగి, దోనెలకెత్తి మెరక మీద పోశారు. జలగలు పట్టాయి, చేతులు దురదలు పెట్టాయి. పదో రోజుకి నీటి మొహం బయటపడింది. అంత నీటిని ఒక్కసారిగా చూసి చాలా కాలమైంది. ఇన్ని నీళ్లు మనవా అని పిల్లలు అడిగారు. మనవే అని పెద్దవాళ్లు ఎంతో గర్వంగా చెప్పారు. గూడబాతులు కూడా ఎక్కడినుంచో వచ్చి వాలాయి.

ఆరో తేదీ వచ్చింది. ఇంటికి చుట్టం వస్తే లోపల పడుకుని ఉండటం బొమ్మిడాయిలంకలో మర్యాద కాదు. కొత్తనీరు వచ్చినప్పుడు ఊరంతా దోనెలెక్కి ఎదురెళ్లి, పసుపు కుంకాలు చల్లి, హారతి ఇచ్చి తీసుకొస్తారు. నీటికే అంత చేసినప్పుడు నీటిని చూడ్డానికి వచ్చే పెద్దమనిషికి చేయకపోతే ఎలా? ఐదున్నరకల్లా ఎనభై నాలుగు దోనెలు బయల్దేరాయి. చూసేవాళ్లకు ఇంపుగా ఉండాలని గంగరాజు వాటిని మూడు వరసల్లో నిలబెట్టించాడు. డప్పులు మోగాయి. వరహాలమ్మ ముందు దోనె మొనలో నిలబడి, ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి, ఆకాశంలోకి హారతి పట్టింది. పిల్లలు చేతులు ఊపారు. కుర్రాళ్లు తెడ్లతో నీళ్లు చిమ్మారు. ఎన్నాళ్లకో తనకోసం డప్పులు మోగడం విని నీరు కూడా నిలవలేకపోయింది. పాత రోజుల్లో లాగా ఎగిరెగిరి దోనెల పక్కలు చరిచింది. వరహాలమ్మ చీర నిలువునా తడిసింది. ఆమె ఏడుస్తూ నవ్వుతూ, "కనపడు తల్లీ, బాగా కనపడు," అంటూనే ఉంది. ఐదూ యాభై రెండుకు పైన ఏమీ కనిపించలేదు, ఏ చప్పుడూ కాలేదు. అయినా అందరూ దణ్ణం పెట్టారు.

మూడు వారాలకు పటం వచ్చింది. అందులో నీరు లేదు. మూడు వందల పన్నెండు ఎకరాల ఎగుడుదిగుడు మెరక, దాని నడుమ మూడు వీధుల్లో ఎనభై నాలుగు ఇళ్లు ఉన్నాయి.

ఇంత చక్కగా వరసలు తీర్చిన కాలనీ ఆ మండలంలో ఇంకోటి లేదు. దానికి బొమ్మిడాయిలంక కొత్త కాలనీ అని పేరు పెట్టారు. పాత లంక మీద చెట్లు దట్టంగా ఉండటంతో అక్కడి ఇళ్లు పటంలో పడలేదు. ఒక కుటుంబానికి ఒకే ఇల్లు ఉండాలి కాబట్టి అందరి చిరునామాలూ కాలనీకి మార్చారు. కార్యాలయంనుంచి ఒక మనిషి వచ్చి వెదురు గెడలు నీళ్లలో పాతి, వాటికి రేకు నంబరు పలకలు కట్టి, సరిగ్గా కట్టానని గంగరాజు చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు. వరహాలమ్మది 1-1. హారతి పట్టిన దోనె ముందు ఉంది కదా, వీధి మొదట్లో ఇల్లు పడింది. నెలకోసారి బియ్యం ఇచ్చే రోజున ఎవరి నంబరు దగ్గర వాళ్లు ఉండాలి. అందుకని ఆ రోజు ఊరంతా దోనెలు వేసుకుని వెళ్లి, ఎవరి గెడకు వాళ్లు దోనె కట్టుకుని, సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు అని కొత్త వరసలు ఏర్పడ్డాయి. రెండో వీధిలో ఒక తగువు కూడా మొదలైంది.

నవంబరులో పటాల విభాగంనుంచి హిమజ అనే ఆమె క్షేత్ర పరిశీలనకు వచ్చింది. పటంలో ఉన్నది నేల మీద ఉందా లేదా అని చూసుకోవడం ఆమె ఉద్యోగం. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో ఒక చిన్న యంత్రం, మెడలో కార్డు. వరహాలమ్మ ఆమెను దోనెలో కూర్చోబెట్టుకుని గెడ వేస్తూ 1-1 దగ్గరికి తీసుకువెళ్లింది. హిమజ రేకు పలక చూసింది, చుట్టూ చూసింది, నీళ్లలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఆ రోజు పొద్దున మీరంతా ఇక్కడ ఉన్నారా మామ్మగారూ?" అని అడిగింది.

"ఊరంతా ఉన్నామమ్మా. డప్పులు, హారతి, అన్నీ చేశాం. ఏం లోపం జరిగిందో తెలవట్లేదు."

హిమజ మెల్లగా చెప్పింది. ఆ ఉపగ్రహానికి ఉన్నది మనలాంటి కన్ను కాదు. అది పైనుంచి ఒక తరంగాన్ని విసురుతుంది. నిశ్చలంగా ఉన్న నీరు దాన్ని అవతలకు జార్చేస్తుంది, అందుకే ఆ చోటు పటంలో నల్లగా పడుతుంది. నలుపంటే నీరు. కదిలి, చెదిరిన నీరు దాన్ని వెనక్కి విసురుతుంది, అప్పుడది నేలలా పడుతుంది. గట్టిగా ఉన్న దోనె ఇల్లులా మెరుస్తుంది.

"అంటే మేం రాకుండా ఉంటే?"

"కనిపించేదండీ."

"ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటే?"

"ఇంకా బాగా కనిపించేది."

వరహాలమ్మ గెడ మీద చేతులు ఆనించి నిలబడిపోయింది. ఎదురెళ్లి పిలవడం వల్లే పోయిందని ఎవరైనా చెబితే ఏం చేస్తాం? ఆమెకు కోపం రాలేదు. సిగ్గేసింది. చుట్టాన్ని పిలిచి తానే గుమ్మంలోంచి గెంటేసినట్టుంది.

హిమజ తన ఫారం తీసింది. అందులో రోడ్లు, మురుగుకాలవలు, వీధిదీపాలు, చెత్తకుండీలు అనే గడులున్నాయి. నీరు అనే గడి లేదు. కాలనీ ఫారంలో అది ఉండదు. ఆమె వెనక్కి తిప్పి చూసింది, చివర రెండు గీతలంత ఖాళీ ఉంటే అక్కడ ఇది కాలనీ కాదు, నీరేనని రాసింది. ఖాళీలో రాసినవి యంత్రంలోకి ఎక్కవని ఆమెకు తెలుసు, అయినా చక్కటి అక్షరాలతో రాసింది. దోనె దిగాక వరహాలమ్మ చేతులు పట్టుకుని, తప్పు తమదేనని, ఆ రోజు ఎలా ఉండాలో ముందే వచ్చి చెప్పి ఉండాల్సిందని అంది. ఆ మాట మాత్రం నిజం.

మరుసటి జులైలో ఎర్రనీళ్లు లాకు దాకా వచ్చి ఆగిపోయాయి. తలుపు ఎత్తడానికి జాబితాలో పేరు లేదు. లంక చుట్టూ మట్టి నెర్రెలిచ్చింది, రేకు పలకలు గెడల మీద గాలికి టపటపలాడాయి, కట్టిన దోనెలు ఎండిన నేల మీద ఒరిగిపోయాయి. గంగరాజూ వరహాలమ్మా ఏడో నంబరు కిటికీకి వెళ్లారు. భానుమూర్తి రెండు రోజులు గడువు అడిగి, నిబంధనల పుస్తకాలన్నీ తిరగేశాడు. పైవాళ్లు అడగకుండా అతను ఉద్యోగంలో చేసిన పని అదొక్కటే.

"కొట్టేసిన పేరు మళ్లీ ఎక్కించడానికి వీల్లేదండీ," అన్నాడు మూడో రోజు. "ఫిర్యాదు మాత్రం తీసుకోవచ్చు."

"ఎవరి మీద బాబూ?"

"నీటి మీద. మా కాలనీలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, ఇబ్బందిగా ఉంది అని కాలనీవాసులు రాసివ్వాలి. ఫిర్యాదు వస్తే విచారణ చెయ్యాలి. విచారణ నాటికి నీరు అక్కడ లేకపోతే ఏం విచారిస్తారు? అందుకని లాకు తలుపు ఎత్తాల్సిందే. విచారణ ముగిసేదాకా దించకూడదు." గొంతు తగ్గించి, "విచారణ సంక్రాంతి దాకా ముగియదులెండి," అన్నాడు.

గంగరాజుకు ఇది బాగానే ఉందనిపించింది. వరహాలమ్మ తాడు ముడులు తడుముకుంటూ కూర్చుంది.

"నలబై నాలుగు గాట్లు పెట్టాను బాబూ. ఒక్కనాడు దాని మీద చాడీ చెప్పలేదు."

"తెలుసండీ."

"ఇబ్బందని నా నోటితో చెప్పమంటావా?"

"నోటితో అక్కర్లేదండీ. రాస్తే చాలు."

ఆమె ఆ రోజంతా ఒప్పుకోలేదు. నెర్రెలిచ్చిన మట్టిని చూస్తూ ఇంకో వారం ఒప్పుకోలేదు. తరవాత ఒప్పుకుంది.

అప్పటినుంచి ఏటా ఫిర్యాదు వెళుతుంది. నీరు వస్తుంది, సంక్రాంతి దాటాక పోతుంది. ఎదురెళ్లడం, డప్పులు మానేశారు. ఫిర్యాదు చేసినవాళ్లు హారతి పడితే కేసు చెడుతుంది. వరహాలమ్మ గాటు మాత్రం పెడుతుంది, తలుపు వేసుకుని పెడుతుంది. మొదటి ఏడు ఫిర్యాదు రాయడానికి ఊళ్లో ఎవరికీ చెయ్యి రాలేదు, భానుమూర్తే రాసిపెట్టాడు. రెండో ఏడు దాని నకలు ఇచ్చారు. మూడో ఏడు రెండో వీధి కుర్రాడొకడు తనే రాసుకొచ్చాడు. ఏటేటా ఈ నీరు మా కాలనీలోకి అక్రమంగా చొరబడుతోందనీ, ఎన్నిసార్లు చెప్పుకున్నా అధికారులు పట్టించుకోవడం లేదనీ, దీనికి శాశ్వత పరిష్కారం కావాలనీ రాశాడు. చాలా బాగా రాశాడు. చదివి గంగరాజు కూడా నిజమే కదా అన్నట్టు తల ఊపాడు. రాసినవాడు నిజంగానే బాధపడి రాశాడని వరహాలమ్మకు తెలిసిపోయింది.

ఆ కాగితం పట్టుకుని ఆమె ఆగస్టు రెండో సోమవారం కార్యాలయానికి వచ్చింది. 1-1 ఇంటిది కనుక మొదటి ఫిర్యాదుదారు ఆమే. వరుసలో ఆమె వెనకాల నీరు నిలబడి ఉంది. విచారణకు రెండు పక్షాలూ హాజరు కావాలి. ఈ ఏడు పాదాల దాకానే ఉంది.

"ఏవనుకోకమ్మా," అంది వరహాలమ్మ వెనక్కి తిరగకుండానే.

నీరు ఆమె మడమల చుట్టూ ఒకసారి తిరిగి ఊరుకుంది.

భానుమూర్తి ఫిర్యాదు అందుకుని గడులు నింపడం మొదలుపెట్టాడు. నీరు ఎక్కడినుంచి వస్తోంది అనే గడి దగ్గర ఆగి, తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఇక్కడిదే బాబూ," అంది వరహాలమ్మ.

అతను ఆ గడిలో తెలియదు అని రాశాడు. వేలిముద్ర యంత్రాన్ని ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు పెట్టింది. ఎర్రగా వెలిగింది. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. గెడ పట్టి, తీగలు పీకి, కత్తి పట్టి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయి.

"వేలు ఆరిపోయినట్టుందండీ. కాస్త తడి చేసుకుని పెట్టండి మామ్మగారూ," అన్నాడు భానుమూర్తి, ముసలివాళ్లందరికీ చెప్పినట్టే.

వరహాలమ్మ అటూ ఇటూ చూసింది. తరవాత నడుం వంచి, పాదాల దగ్గర నిలబడి ఉన్న నీటిలో బొటనవేలు ముంచింది. నీరు కదలకుండా ముంచనిచ్చింది. ఆమె వేలు ఎత్తి యంత్రం మీద పెట్టింది.

పచ్చగా వెలిగింది.

"ఫిర్యాదు నమోదైందండీ," అన్నాడు భానుమూర్తి. వెనకాల ఉన్నవాళ్లు చెప్పులు చేత పట్టుకుని ఒక అడుగు ముందుకు జరిగారు.